బొమ్మ అడిగితే తాళంచెవి ఇచ్చిన ప్లగిన్

హ్యాకింగ్ అనగానే మనకి నల్ల స్క్రీన్, పచ్చ అక్షరాలు, హుడీ వేసుకున్న హీరో గుర్తొస్తారు. కానీ చాలా దాడులకి అడ్రస్ బార్‌లో ఒక్క లైను మారిస్తే చాలు. 2014లో వర్డ్‌ప్రెస్ సైట్లను ఇబ్బంది పెట్టిన స్లైడర్ రివల్యూషన్ కథ అలాంటిదే. ఈ సెమిస్టర్ పీహెచ్‌పీ నేర్చుకుంటూ దీని గురించి చదివాను. అప్పట్నుంచి ఫైల్ పేరు తీసుకునే కోడ్ ఎక్కడ కనిపించినా ఇదే గుర్తొస్తోంది.

హోమ్ పేజీలో ఫొటోలు ఒకదాని వెనక ఒకటి జరుగుతూ ఉంటాయి కదా, ఆ పని చేసే ప్లగిన్ ఇది. కోడ్‌కాన్యన్ అనే ఆన్‌లైన్ మార్కెట్లో అమ్మేవాళ్లు. ఏ బొమ్మ కావాలో అడ్రస్‌లో పేరు రాస్తే, సర్వర్ ఆ ఫైల్ తెరిచి పంపేది. లాగిన్ కూడా అక్కర్లేదు.

కాలేజీ ఆఫీసులో అటెండర్ గారికి చీటీ మీద ఫైల్ పేరు రాసిస్తే బీరువాలోంచి తెచ్చిస్తారనుకోండి. ఎవరో "బీరువా వదిలెయ్యండి, పక్క గదిలో ప్రిన్సిపాల్ గారి సొరుగులోని కాగితం తెండి" అని రాశారు. ఆయన మారుమాట లేకుండా తెచ్చిచ్చేశారు. ఇక్కడ జరిగిందీ అదే. "ఒక ఫోల్డర్ వెనక్కి వెళ్లు" అని చెప్పడానికి కంప్యూటర్‌కి రెండు చుక్కలు, ఒక స్లాష్ చాలు. బొమ్మ పేరు ఉండాల్సిన చోట అవి పెట్టి, డబ్ల్యూపీ కాన్ఫిగ్ ఫైల్ అడిగారు. డేటాబేస్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉండేది అందులోనే!

ఇక్కడ సర్వర్ ఫైల్‌ని చదివి ఇచ్చింది. అదే పేరు పీహెచ్‌పీలోని ఇన్‌క్లూడ్‌కి వెళ్తే ఇంకా ప్రమాదం. అది ఫైల్‌లో ఉన్న పీహెచ్‌పీ కోడ్‌ని నడిపిస్తుంది కూడా. దాడి చేసేవాడు ఏ లాగ్ ఫైల్‌లోనో తన కోడ్ చేర్చగలిగితే, సర్వర్ వాడి చేతికి వెళ్లినట్టే. రెంటికీ మూలం ఒకటే, బయటివాళ్లు ఇచ్చిన పేరుని చెక్ చెయ్యకుండా నమ్మడం.

ఇప్పుడు తేదీలు చూడండి. ఫిబ్రవరి 2014లో వెర్షన్ 4.2తో ఈ లోపం సరిచేశారు, కానీ చప్పుడు లేకుండా. సెప్టెంబరులో సుకూరి అనే సెక్యూరిటీ సంస్థ, దాడులు జరుగుతున్నాయని హెచ్చరించింది. డిసెంబరులో సోక్‌సోక్ అనే మాల్వేర్ ఇదే ప్లగిన్ పాత వెర్షన్ల మీద పడింది. గూగుల్ 11,000కి పైగా సైట్లను బ్లాక్‌లిస్ట్‌లో పెట్టింది. మందు దొరికి అప్పటికి పది నెలలు!

మరి ఎందుకు వేసుకోలేదు? చాలామంది ఈ ప్లగిన్‌ని విడిగా కొనలేదు. వాళ్లు కొన్న థీమ్‌తో పాటే వచ్చింది. లోపల ఉందనే తెలియనిదాన్ని అప్‌డేట్ ఎలా చేస్తారు?

కోడ్ రాసేవాళ్లం గుర్తుపెట్టుకోవాల్సింది చిన్నదే. యూజర్ దగ్గర ఫైల్ పేరు బదులు నంబర్ తీసుకుని, ఏ నంబర్‌కి ఏ ఫైలో మన లిస్ట్‌లో చూసుకోవాలి. పేరే తీసుకోక తప్పకపోతే, అసలు పాత్ కనుక్కుని అది బొమ్మల ఫోల్డర్ లోపలే ఉందో లేదో చెక్ చెయ్యాలి.

మనమూ ఫెస్ట్ సైట్లకి రెడీమేడ్ థీములు తెచ్చేస్తాం. ఫెస్ట్ అయిపోతుంది, సీనియర్లు పాసై వెళ్లిపోతారు. రిజిస్ట్రేషన్ ఫోన్ నంబర్లతో సైట్ మాత్రం అక్కడే ఉంటుంది. ఈ ఆదివారం ఒక గంట కూర్చుందాం. పాత సైట్లలో ఏయే ప్లగిన్లున్నాయో, ఏ వెర్షన్లో లిస్ట్ రాద్దాం. థీమ్ ఫోల్డర్ లోపల కూడా వెతకడం మర్చిపోవద్దు.