ఉయ్యాల ప్రక్కన పరిశోధన

పసిబిడ్డ ఉన్న ఇంట తల్లికి తీరిక అరుదు. బిడ్డ నిద్రించినంతసేపే ఆమెకు దొరికే కాలము. అదియు ఎప్పుడు ముగియునో తెలియదు. ఇట్టి స్థితిలో క్రొత్త విషయమును కనుగొనుట సాధ్యమా? మేరీ క్యూరీ జీవితములో 1897, 1898 సంవత్సరములు ఈ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పుచున్నవి.

1897 సెప్టెంబరులో పారిస్ నగరములో ఆమెకు మొదటి బిడ్డ ఐరీన్ జన్మించినది. ఆ నెలలోనే అత్తగారు మరణించారు. వైద్యులైన మామగారు యూజీన్ క్యూరీ అటుపిమ్మట కొడుకు ఇంటనే ఉండి మనుమరాలిని పెంచారు. బిడ్డకు ఒక దాదిని కూడ కుదిర్చారు. డిసెంబరులో, అనగా బిడ్డ మూడు నెలలది కాగానే, మేరీ పరిశోధన ప్రారంభించినది.

యురేనియము నుండి కంటికి కనబడని కిరణములు వెలువడునని 1896లో బెక్వెరెల్ కనుగొన్నాడు. ఈ కిరణములు సోకిన గాలిలో విద్యుత్తు ప్రవహించును. మేరీ రెండు లోహపు పలకలను ఎదురెదురుగా అమర్చి, క్రింది పలకపై పదార్థపు పొడిని పరచేది. పలకల నడుమ గాలిలో ప్రవహించే విద్యుత్తు అత్యల్పము. దానిని కొలుచుటకు క్వార్ట్జ్ స్ఫటికము తోడ్పడినది. స్ఫటికమునకు బరువు తగిలించిన విద్యుదావేశము పుట్టునని ఆమె భర్త పియరీ, ఆయన అన్న జాక్ 1880లోనే కనుగొనియున్నారు. ఈ ఆవేశముతో పలకల మధ్య విద్యుత్తును సరితూచి, పట్టిన కాలమును గడియారముతో చూచేవారు.

ఈ పద్ధతిలో ఒక గుణమున్నది. ఒక పొడికి ఒక కొలత. పుస్తకములో ఒక పంక్తి. నేడు ఆగిన చోటనుండి రేపు సాగవచ్చును. ఇట్లు ఒక్కొక్క ఖనిజమును కొలువగా, పిచ్‌బ్లెండ్ అను ఖనిజము శుద్ధ యురేనియము కంటె ఎక్కువ తీవ్రతను చూపినది. అందులో తెలియని మూలకమేదో ఉండవలెను! పియరీయు తన పని మాని ఇందులో చేరాడు. 1898 జులైలో పొలోనియము, డిసెంబరులో రేడియము ఉనికిని వారు ప్రకటించారు. ఆ రోజులలోనే మేరీ ఇంటి వద్ద మరియొక పుస్తకములో బిడ్డ బరువు, ఆహారము, మొలచిన పండ్లు వ్రాసికొనుచుండెను.

అయితే అన్ని పనులును ఇట్లు తునకలుగా సాగవు. తరువాత టన్నులకొలది ఖనిజపు పిప్పిని మరగించి, 1902 నాటికి గ్రాములో పదియవ వంతు రేడియము లవణమును వేరుచేయుటకు దినములు దినములే పట్టినవి. బిడ్డను చూచుకొనే మనిషి ఇంట లేనిచో ఆ పని సాగుట కష్టము. 1906లో పియరీ ప్రమాదములో మరణించిన పిదప కూడ, యూజీన్ క్యూరీ 1910లో తాను మరణించువరకు ఇద్దరు మనుమరాండ్రను కనిపెట్టుకొని ఉన్నారు.

ఆయన పెంచిన ఐరీన్ 1934లో భర్త ఫ్రెడరిక్ జోలియోతో కలిసి కృత్రిమ రేడియోధార్మికతను కనుగొన్నది. అప్పటికి ఆమె కుమార్తెకు ఆరేండ్లు. కుమారునికి రెండేండ్లు నిండలేదు. మరుసటి యేడు ఆ దంపతులకు నోబెల్ బహుమానము లభించినది.

మేరీ క్యూరీ పట్టుదలను మన తరగతులలో తప్పక చెప్పుదుము. ఆమెకు ఆ కాలము ఎట్లు చిక్కినదో కూడ విద్యార్థులకు చెప్పవలెను. మనుమరాలిని ఎత్తుకొని ఆడించిన ఆ వృద్ధ వైద్యుని పేరు పాఠ్యపుస్తకములలో కానరాదు. కాని రేడియము కథలో ఆయనకును చోటున్నది.