చెప్పెడి భాష, చేయించెడి భాష

తెరపై నొక బటను కనబడవలెనన్నచో దానికి రెండు మార్గములు కలవు. "ఇచ్చట నొక బటను ఉన్నది, దానిపై 'పంపుము' అను మాట ఉన్నది" అని ట్యాగులతో గుర్తు పెట్టి, దాని ఆకృతిని, నొక్కినపుడు అది కదలు తీరును, కీబోర్డుతో దానిని చేరు పద్ధతిని బ్రౌజరునకే వదలివేయుట మొదటిది. వస్తువు నొకదానిని పుట్టింపుము, దానికి ఈ మాట నిమ్ము, ఫలానా పెట్టెలో చేర్పుము, ఎవరైన నొక్కినచో ఈ పని చేయుము అని వరుసగా ఆజ్ఞలు వ్రాయుట రెండవది. విందు చేయువాడు వంటవానికి వంటకముల పట్టిక నిచ్చి ఊరకుండుటకును, పొయ్యి ప్రక్కన నిలిచి పోపు మొదలు పాయసము వరకు ప్రతి గరిటెను తానే నడిపించుటకును గల భేదము వంటిది ఇది. మొదటిదానిని మార్కప్ అనియు, రెండవదానిని కోడు అనియు వ్యవహరింతురు.

వీనిలో మార్కప్ వంశము బహు పాతది. న్యాయశాస్త్రము చదివి కంప్యూటర్లవైపు మళ్లిన చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, 1969లో ఐబీఎమ్ సంస్థయందు మోషర్, లోరీ అను ఇరువురితో కూడి న్యాయవాదుల కార్యాలయ పత్రములను యంత్రముచే నిర్వహింపజేయు పనిలో నుండగా, "ఈ పంక్తిని లావుగా అచ్చువేయుము" అనుటకంటె "ఇది శీర్షిక" అనుటయే ఎక్కువ ప్రయోజనకరమను తలంపునకు రూపమిచ్చెను; ఏలయనగా శీర్షికను లావుగా అచ్చువేయవచ్చును, విషయసూచికలో చేర్చవచ్చును, వెదకి పట్టవచ్చును, లావుపాటి పంక్తిని మాత్రము లావుపాటి పంక్తిగా తప్ప మరియొక విధముగా వాడరాదు. ఆ తలంపే 1986లో ఎస్‌జీఎమ్‌ఎల్ అను అంతర్జాతీయ ప్రమాణమైనది. జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్ లీ 1990లో నెక్స్ట్ కంప్యూటరుపై తొలి బ్రౌజరును నిర్మించినపుడు, అచ్చటి పత్రములలో అదివరకే వాడుకలో నున్న శీర్షిక, పేరా, జాబితా గుర్తులనే చాలవరకు స్వీకరించి, ఒక పుటనుండి మరియొక పుటకు దాటించు లింకును వానికి చేర్చెను. హెచ్‌టీఎంఎల్ అను ఆ మార్కప్ భాషయొక్క 1991 నాటి పట్టికలో ట్యాగులు 20కి మించవు. బొమ్మను చూపు ట్యాగు సైతము అందులో లేదు. దానిని 1993లో మార్క్ ఆండ్రీసన్ ప్రతిపాదించెను.

ఈ హెచ్‌టీఎంఎల్‌కు గల గొప్ప గుణము దాని అశక్తతయే. అది కూడికయైనను చేయజాలదు. ఉన్నదానిని ఉన్నదని చెప్పుటయే దాని పని. తనకు తెలియని ట్యాగు ఎదురైనచో బ్రౌజరు దానిని విడిచి లోని మాటలను చూపును. మూయుట మరచిన పేరాను తానే మూసికొనును. అందువలననే సెర్న్ వారి తొలి పుట నేటి బ్రౌజరులోను చక్కగా తెరచుకొనుచున్నది. కోడునకు ఈ క్షమ లేదు: ఒక్క కుండలీకరణము లోపించినను జావాస్క్రిప్టు దస్త్రమంతయు పనిచేయ నిరాకరించును. అట్టి కాఠిన్యమును మార్కప్‌నకు కూడ అలవరుపవలెనని 2000లో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్‌ను తెచ్చిన పండితులు తలచి, ఒక్క తప్పున్నను పుటకు మారుగా దోషసూచననే చూపవలెనని శాసించిరి. లోకము ఆ శాసనమును మన్నించినట్లు నటించి పాత త్రోవనే నడచెను. దాని రెండవ కూర్పు పని 2009లో నిలిపివేయబడెను. నా మట్టుకు నాకు ఆ ఓటమి సంతోషకరమే.

అయినను అశక్తత గుణమైనంత మాత్రమున ఆటంకము కాకపోదు. నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ 1995 మే నెలలో 10 దినములలో కల్పించిన జావాస్క్రిప్టు, తొలుత ఫారములోని తప్పులను పట్టుట వంటి చిల్లర పనులకే ఉపయోగపడెను. 1998లో డామ్ ప్రమాణము వెలువడి, పుటలోని ప్రతి భాగమును కోడుతో పుట్టించుటకును తొలగించుటకును అందరొప్పిన పద్ధతి ఏర్పడెను. 2004లో జీమెయిలు, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చి, పుట చదువుకొనునది మాత్రమే కాదు, పనిచేయు యంత్రము కూడ నని నిరూపించినవి. ఇక మార్కప్ ఏల యని కొందరికి తోచుట సహజమే. 2006లో గూగుల్ వారు విడుదల చేసిన వెబ్ టూల్‌కిట్‌లో తెరనంతయు జావా భాషలోనే వ్రాసెడివారు. కాని ఒకదానిలో నొకటిగా నుండు పెట్టెలను ఆజ్ఞల వరుసగా వ్రాసినచో, ఏది దేని లోపల నున్నదో చదువువాని కంటికి ఆనదు. ట్యాగుల అమరికలో అది చూపుతోనే తెలియును. 2009లో అదే టూల్‌కిట్‌నకు, తెరను మార్కప్‌తో వర్ణించు యూఐబైండర్ అను భాగమును వారే చేర్చిరి.

2010లో వెలువడిన యాంగ్యులర్‌జేఎస్ వంటి టెంప్లేటు సాధనములు మార్కప్‌నే పట్టుకొని దానికి బలము పోయదలచినవి. ఇట్టి టెంప్లేటు భాషల చరిత్ర తరచుగా ఒకే తీరున నడచును. పేరు నింపుటకు ఒక ఖాళీ చాలుననుకొందురు. పిదప పదిమంది పేర్లు వరుసగా రావలెనందురు, ఆవృత్తి చేరును. పేరు లేనివానికి వేరొక మాట చూపవలెనందురు, షరతు చేరును. తేదీని తెలుగు నెలలతో చూపవలెనందురు, ఫిల్టరు చేరును. తుదకు ఉద్ధరణ చిహ్నముల నడుమ ఒదిగిన అరకొర ప్రోగ్రామింగు భాష యొకటి తయారగును; అసలు భాషకు గల దోషశోధన సాధనములు దానికి చాలవరకు అందవు.

ఫేస్‌బుక్‌లో జోర్డన్ వాక్ రూపొందింపగా 2013 మే నెలలో బహిరంగమైన రియాక్ట్ అను సాధనము, ఈ ముడిని తలక్రిందులుగా విప్పినది: మార్కప్‌లోనికి కోడును దూర్చుటకు మారుగా, జేఎస్‌ఎక్స్ అను పేర కోడులోనికి మార్కప్‌ను దింపినది. ఆ సంస్థవారు 2010లోనే పీహెచ్‌పీ భాషకు ఎక్స్‌హెచ్‌పీ అను పేర ఇట్టి మిశ్రమమును తెచ్చియుండిరి. రూపమును ప్రవర్తనను వేర్వేరు దస్త్రములలో నుంచవలెనని ఏండ్ల తరబడి పాఠములు విన్నవారికి ఈ జేఎస్‌ఎక్స్ అపచారముగా తోచి, తొలినాళ్లలో చాలమంది ముఖము చిట్లించిరి. చూపునకది ట్యాగే, లోన మాత్రము ఫంక్షను పిలుపు. హెచ్‌టీఎంఎల్‌లో 'క్లాస్' అను గుణమును ఇందు 'క్లాస్‌నేమ్' అని వ్రాయవలసి వచ్చుటయే ఆ మారువేషమును పట్టియిచ్చును. క్లాస్ అను మాటను జావాస్క్రిప్టు తనకై కేటాయించుకొని యున్నది కదా.

కోడును దాని కొసదాక తీసికొనిపోయినచో ట్యాగులు మాయమై, క్యాన్వాస్‌పై చుక్కలుగా చిత్రించుటయే మిగులును. గూగుల్ డాక్స్ 2021లో ఆ దారి పట్టినట్లు ప్రకటించినది. తెరలను నిర్మించు ఫ్లటర్ అను సాధనములోను అట్టి మార్గము కలదు. తెర ఎల్లెడల నొకే తీరున కనబడుట దాని వలని లాభము. కాని చూపులేనివారికి పుటను చదివి వినిపించు స్క్రీన్ రీడరునకు చుక్కలు అర్థము కావు. కావున కంటికి కనబడని మరియొక అర్థవృక్షమును ప్రక్కన పెంచక తప్పలేదు, అనగా వెడలగొట్టిన మార్కప్‌నే దొడ్డిదారిన లోనికి రానిచ్చిరన్నమాట. మన తెలుగు పుటయొక్క తొలి ట్యాగుపై రెండక్షరముల భాషాసంకేతము వ్రాసినచో, ఫోనులో తెలుగు గొంతు కలిగియున్నంత వరకు స్క్రీన్ రీడరు దానినే ఎన్నుకొనగలదు. చుక్కలలో అట్టి సంకేతమునకు తావెక్కడ?

కనుక చదువదగిన విషయమును, నింపదగిన ఫారమును మార్కప్‌తోనే మొదలుపెట్టి, క్షణక్షణము మారు భాగములకు మాత్రమే కోడును పిలుచుట మేలని నేనందును. పనికి చాలునంతలో అతి తక్కువ బలము గల భాషనే ఎన్నుకొనుడని బెర్నర్స్ లీయు ఏనాడో వాదించెను; అట్టి భాషలోని వ్రాతను నడిపింపకయే ఇతర యంత్రములు పరిశీలింపగలుగుట అందుకు కారణము. బ్రౌజరు నిర్మాతలును మెల్లగా ఆ వైపునకే వచ్చుచున్నారు. "తొలగింపవచ్చునా?" అని అడుగు చిన్న పెట్టెను తెరపై నిలుపుటకు, వెనుకనున్న పుటను స్తంభింపజేయుటకు, ఎస్కేప్ మీటతో దానిని మూయుటకు ఏండ్ల తరబడి ఎవరి కోడు వారు వ్రాసికొనుచుండగా, 2022 మార్చి నాటికి డైలాగ్ అను ట్యాగు ప్రధాన బ్రౌజర్లన్నిటను చేరినది. దానిని అట్లు తెరచుటకు మాత్రము ఒక పంక్తి జావాస్క్రిప్టు కావలసియుండెను. ఇప్పుడు ఆ పంక్తిని సైతము బటనుపై వ్రాయు రెండు గుణములుగా మార్చు సదుపాయము బ్రౌజర్లలోనికి వచ్చుచున్నది.