కూలి చెల్లించు వేళ

యూదులు మోషే ధర్మశాస్త్రమగు తోరాను 54 భాగములుగా విభజించి, విశ్రాంతిదినములయందు వరుసగా చదివి, ఏటేట ముగించి మరల మొదలిడుదురు. ఈ భాగములలో రెండింట కూలివాని సంగతి వచ్చును. కూలి మరునాటి యుదయమువఱకు యజమానునియొద్ద నిలువరాదని లేవీయకాండము. స్వజనుడైనను పరదేశియైనను ప్రొద్దు గ్రుంకకమునుపే యియ్యవలెనని ద్వితీయోపదేశకాండము. ఏది నిజమైన గడువు? పగలు పనిచేసినవానికి తెల్లవారులోపల, రాత్రి పనిచేసినవానికి సాయంకాలములోపల నని పూర్వపు రబ్బీలు తేల్చిరి. ఇతడు నిచ్చెన యెక్కి, చెట్టున వ్రేలాడి, ప్రాణమునకు తెగించినది కూలికొఱకే గదా యని వారి తల్ముదు గ్రంథము హేతువు చెప్పుచున్నది. తోటపని యెఱిగినవారికి దీనికి వ్యాఖ్యాన మక్కఱలేదు.

ఇది పాతమాటగా నిలిచిపోలేదు. ఇశ్రాయేలు దేశమున 1958లో చేయబడిన వేతనరక్షణ చట్టము, ఆలస్యముగా నిచ్చు జీతమునకు లేవీయకాండపు మాటనుండియే పేరు తీసికొన్నది. ఆలస్యమునకు పరిహారమును విధించినది.

అయినను చదువరులను నేటికిని తికమకపెట్టు సందొకటి తల్ముదులో నున్నది. యజమానుడు మేస్త్రీని పంపి కూలీలను పిలిపించెననుకొనుడు. కూలి యజమానునిపైనని మేస్త్రీ చెప్పినయెడల, ఆలస్యమైనను ఈ యాజ్ఞ మీఱిన దోష మిద్దఱిలో నెవ్వరికిని లేదట! యజమానుడు తానై పిలువలేదు. మేస్త్రీ పని చేయించుకొనలేదు. ధర్మసూక్ష్మ మెట్లున్నను, కూలివాని కడుపున కది సమాధానము కాదు. కూలి తనపైనని మేస్త్రీ పలికినచో మాత్రము, బాధ్యత యతనిదే.