కడుపుమీది ద్వారము, హాల్డేన్ నవ్వు

మలవిసర్జనమును గూర్చిన హాస్యము తెలుగునాట పసితనమునుండియే మొదలగును. వీథినాటకములలోను, పెండ్లివారి విడిదిళ్లలోను, పొలముగట్ల మీదను దానికి కొఱత లేదు. అయినను అదే విషయము వ్యాధిరూపమున మన గడప దాటివచ్చి, ఇకమీదట మలము పొట్టమీదుగ వెలువడవలసియుండునని శస్త్రవైద్యుడు మనవారిలో నొకరికి చెప్పిననాడు, అంతవఱకు నిస్సంకోచముగ నవ్విన మనమే గొంతు తగ్గించి, తలుపులు చేరవేసి, పరామర్శకు వచ్చిన బంధువులతో ‘ఏదో చిన్న ఆపరేషను’ అని బొంకుదుము. పరుల కడుపులను గూర్చి యింత ధారాళముగ నవ్వగలవారు తమ కడుపును గూర్చి యింతటి మౌనము వహించుట నాకు వింతగనే తోచును.

పెద్దపేగు తుదిభాగమునకు గాని పురీషనాళమునకు గాని కాన్సరు సోకినప్పుడును, పేగు లోపలి పొర పుండ్లుపడి యెడతెగక నెత్తురు స్రవించునప్పుడును, ప్రమాదములో పేగు చినిగినప్పుడును, మలద్వారము లేకుండ శిశువు జన్మించినప్పుడును, వైద్యులు పేగు కొస నొకదానిని ఉదరకుడ్యముగుండ వెలికి తెచ్చి, అంచును మడచి చర్మమునకు కుట్టుదురు. ఆ ద్వారమునకు స్టోమా యని పేరు. పెద్దపేగునుండి తెచ్చినచో ఆ చికిత్సను కొలోస్టమీ యనియు, చిన్నపేగునుండి తెచ్చినచో ఇలియోస్టమీ యనియు వ్యవహరింతురు. కొందఱికిది లోపలి కుట్లు మానువఱకు కొన్ని నెలలపాటే, మఱికొందఱికి యావజ్జీవము. స్టోమా చూచుటకు నోటి లోపలి పొరవలె తడిగా, ఎఱ్ఱగా నుండును. నొప్పిని తెలుపు నాడులు లేవు గనుక తాకినను బాధ తెలియదు. బిగించి ఆపుకొను కండరమును దానికి లేదు. కావున ఎప్పుడు పనిచేయవలయునో, ఎప్పుడు మానవలయునో నిర్ణయించు అధికారము దేహము గలవానిది కాదు. వెలువడినదానిని చర్మమునకు అంటుకొనియుండు సంచి పట్టుకొనును. అది మూడవవంతో సగమో నిండగనే మరుగుదొడ్డిలో వంపి, కొలదిదినముల కొకసారి సంచినే మార్చుకొందురు.

ఈ అధికారనష్టమునందు దుఃఖము కలదు; హాస్యమును అందే కలదు. సంతాపసభలో అందఱును లేచి రెండునిమిషములు మౌనము పాటించుచున్న వేళ, పొట్ట యొక్కటియే ఉపన్యాసమునకు పూనుకొనును. గంటసేపు కదలక మెదలక నిద్రించిన స్టోమా, పాత సంచిని ఊడదీసి క్రొత్తదానిని చేతబట్టు నా నడిమి క్షణముననే మేల్కొని తన ఘనకార్యమును ప్రదర్శించును. అందుకే అనుభవజ్ఞులు ఉదయమున కాఫీ గొంతు దిగకముందే ఆ పని ముగించుకొందురు. రాత్రి గాలి చేరినచో సంచి దుప్పటిక్రింద పూరీవలె పొంగును. బీటురూటు కూర తిన్న మఱునాడు సంచిలోని యెఱుపును చూచి గుండె జారి, వైద్యునికి ఫోను చేయబోయి, ముందునాటి భోజనము జ్ఞప్తికి వచ్చి చల్లగ ఫోను పెట్టివేసినవారును కలరు. ఇంగ్లండు, అమెరికాలలో పలువురు తమ స్టోమాకు ముద్దుపేరొకటి పెట్టుకొందురు. ఇందులో గొప్ప సౌకర్యమున్నది: పేరున్నచో దానిని తిట్టవచ్చును, అది నలుగురిలో చేసిన అల్లరికి తాము పూచీపడనక్కఱలేదు.

ఈ నవ్వునకు జగత్ప్రసిద్ధుడైన సాక్షి యొకడు కలడు. జె.బి.ఎస్. హాల్డేన్ 1892లో ఆక్స్‌ఫర్డులో జన్మించి, జన్యుశాస్త్రమునకు గణితపు పునాదులు వేసినవారిలో నొకడై, 1957లో భారతదేశమునకు వచ్చి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులో చేరి, పిదప భారత పౌరసత్వము స్వీకరించి, తుదకు భువనేశ్వరములో స్థిరపడెను. స్వశరీరమునే ప్రయోగశాలగ వాడుకొనుట ఆయనకు చిరకాలపు అలవాటు. వాయుపీడనమును పరీక్షించు గదులలో కూర్చుండుటచే చెవిపొర చిల్లుపడినను, కొంత చెవుడు వచ్చినంతమాత్రమున నేమి, ఆ చెవినుండి పొగాకుపొగ వదలుట నలుగురిలో మెప్పించు విద్యయే గదా యని సరిపెట్టుకొన్న మహానుభావుడు. అట్టివానికి పురీషనాళమున కాన్సరు కనబడి లండనులో శస్త్రచికిత్స జరుగగా, ఆసుపత్రి మంచముమీదనే, కాన్సరు తమాషా విషయమను అర్థమిచ్చు శీర్షికతో హాస్యకవిత నొకదానిని వ్రాసెను. 1964 ఫిబ్రవరిలో న్యూ స్టేట్స్‌మన్ పత్రిక దానిని ప్రచురించెను. అందు తన కొలోస్టమీని సైతము ప్రాసలో బిగించి పరిహసించెను. ఆ పరిహాసమునకు నిర్దిష్టమైన పని యొకటి యున్నది: పెద్దమనుషులు చదువ నిచ్చగింపని అవయవమును గూర్చి వారిచే నవ్వుచు చదివించి, అనుమానము తోచగనే జాగుచేయక వైద్యునికడకు పొండని చెప్పుట. ఆ సంవత్సరము డిసెంబరు 1న ఆయన భువనేశ్వరములో కన్నుమూసెను. ఆయన కోరిక ననుసరించి దేహము మన కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు చేరినది. అట్లు ఆ మహావినోది తెలుగు విద్యార్థులకు కడపటి పాఠ్యగ్రంథమయ్యెను.

కృతజ్ఞతను గూర్చి వ్రాయుట నవ్వును గూర్చి వ్రాయుటకంటె కష్టము. ‘ప్రాణము దక్కినది, అదే పదివేలు’ అని చూడవచ్చినవారు ఉపదేశించు కృతజ్ఞత రోగికి రుచింపదు. రుచింపవలసిన అగత్యమును లేదు. మొదటి నెలలలో అద్దము ముందు నిలువలేక ఏడ్చువానిని ఏడ్వనిచ్చుటయే మర్యాద. అయితే, పేగుపుండ్లతో ఏండ్ల తరబడి దినమునకు పది పదునైదుమార్లు మరుగుదొడ్డికి పరుగిడి, ఏ యూరు పోయినను మొట్టమొదట ఆ గది యెక్కడనున్నదో విచారించుచు బ్రదికినవాడు, శస్త్రచికిత్స పిమ్మట విజయవాడలో రైలెక్కి, కిటికీప్రక్కన నిశ్చింతగ కూర్చుండి, పొలములు చూచుచు సికిందరాబాదులో దిగిననాడు, వానికి కృతజ్ఞతను నేర్పవలసినవారెవరు?

ఆ కృతజ్ఞతకు పాత్రులైనవారి జాడ తీయబోయినచో దారి చాలదూరము పోవును. 1793లో ఫ్రాన్సుదేశపు బ్రెస్ట్ నగరమున డ్యూరే అను శస్త్రవైద్యుడు, మలద్వారము లేక పుట్టిన కొలదిదినముల శిశువునకు ఉదరమున ద్వారము తెఱచెను. ఆ బిడ్డ పెరిగి నలుబదియైదేండ్లు జీవించెను. అయినను ద్వారము చేయనేర్చిన చాలకాలమునకు గాని, దానితో నలుగురిలో తిరుగు ఉపాయము మానవునకు సరిగ దొరకలేదు. 1954లో డెన్మార్కులో ఎలీసె సోరెన్సన్ అను నర్సు, తన చెల్లెలు శస్త్రచికిత్సానంతరము ఎక్కడ కాఱునో యను భయముచే ఇల్లు కదలకుండుటను చూడలేక, చర్మమునకు అంటుకొను ప్లాస్టిక్ సంచిని ఊహించి, తయారుచేయువారికై వెదకి, తుదకొక ప్లాస్టిక్ వ్యాపారి నొప్పించెను. ఆ వ్యాపారి భార్యయు నర్సే కావున ఆమె మాట సాయమైనదందురు. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ శస్త్రవైద్యుడు రూపర్ట్ టర్న్‌బుల్, తనకడ ఇలియోస్టమీ చేయించుకొన్న నార్మా గిల్ అను గృహిణిని 1958లో తోడి రోగులకు శిక్షకురాలిగ నియమించెను; 1961లో వారిరువురి పూనికతో స్టోమాను చూచుకొను విద్యకొక పాఠశాలయే వెలసెను.

కట్టుడుపండ్లను అంటించుటకు వాడు కరాయా యను బంకపొడి, తడి తగిలినచో చర్మమును పట్టుకొని పుండుపడకుండ కాపాడునని కనిపెట్టినవాడును ఆ టర్న్‌బుల్‌యే. కృత్రిమ పదార్థములు వచ్చువఱకు పలువురి సంచులు నిలిచినవి ఆ బంక బలముననే. అది నాడు ప్రధానముగ భారతదేశపు అడవులనుండి ఎగుమతియైన సరకు. మన ఏజెన్సీ ప్రాంతపు గిరిజనులు ఎండలో కొండలెక్కి, తపసిచెట్టు మ్రాను గాటుపెట్టి, కారిన జిగురు నేరి, గిరిజన సహకార సంస్థకు అమ్మునదియు నదియే. క్లీవ్‌లాండు రోగి పొట్టకును పాడేరు కొండకును ఇట్టి బాంధవ్యమున్నదని ఆ రోగియు నెఱుగడు, ఈ గిరిజనుడును ఎఱుగడు.

నేడు సంచులు మేలైనవి దొరకుచున్నవి. వెల మాత్రము సామాన్యునకు నెలనెలా భారమే. వెల సంగతి యట్లుండగా, గుడికి పోవచ్చునా, వ్రతమునకు కూర్చుండవచ్చునా యని లోలోపల కుములువారు మన యిండ్లలో కలరు. సంచి సరిగ అంటియున్నచో వాసన వెలికి రాదు. తలస్నానమునకును అడ్డు లేదు. ఇక శౌచమందురా, గర్భాలయము ముందు చేతులు జోడించిన ప్రతి భక్తుని ఉదరమునందును ఆ పదార్థమే కలదు. మనవానిది బెత్తెడు ముందునకు జరిగి, గట్టిగ మూసిన సంచిలో నున్నది, అంతియే. నిశ్చింతగ దర్శనము చేసికొని ప్రసాదము పుచ్చుకొనవచ్చును. ఇలియోస్టమీ గలవాడు మాత్రము పులిహోరలోని వేరుసెనగపప్పులను మెత్తగ నమలి మ్రింగవలెను; తొందరపడినచో అవి ద్వారముకడ అడ్డుపడును, ఆ పూట దైవదర్శనము కాగానే వైద్యదర్శనమును తప్పదు.