అక్కడ జింకల కోసం పొలం కౌలుకిస్తారు!

మీ చేలో జింకల మంద పడితే ఏం చేస్తారు? డబ్బాలు కొడతారు, రాత్రంతా మంచె మీద జాగారం చేస్తారు. అమెరికాలోని టెక్సాస్ రైతు దాన్నే రాబడి చేసుకున్నాడు. అక్కడ 90 శాతం పైగా భూమి ప్రైవేటు వాళ్లదే. జింక, టర్కీ కోడి మాత్రం ప్రజల ఆస్తి. అందుకే రైతు జంతువును అమ్మడు, తన పొలంలో వేటకు దిగే హక్కును అమ్ముతాడు.

ఎకరానికింత అనో, తుపాకీకింత అనో బేరం. వెంట దారి చూపే మనిషి ఉండడు. అడుగుల జాడ వెతుక్కోవడం, మంచె వేసుకోవడం, మొక్కజొన్న గింజలకు జింకను మరిగించడం, అంతా వేటగాడి పనే. తెల్లతోక జింకకు నవంబరు మొదట్లో సీజను. టర్కీ పుంజుకు వసంతంలో ప్రత్యేకంగా మరొకటి. లైసెన్సు వేటగాడికే కాదు, కౌలుకిచ్చే రైతుకూ ఉండాలి. పశువులుంటే గేటు సంగతి కూడా కాగితం మీద రాసుకుంటారు. నోటిమాట కౌలుతో వచ్చే తగవులు మనకు తెలియనివా!

ఇంకో విశేషం. మన కృష్ణజింకను 1932లో అక్కడికి తీసుకెళ్లి వదిలారు. దానికి సీజను పట్టింపు కూడా లేదు, ఏడాది పొడవునా కొట్టొచ్చు. ఇక్కడేమో అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చంపితే కనీసం 3 ఏళ్ల జైలు. కాబట్టి ఆ పద్ధతి మనకు కుదరదు. ఉచ్చులు, కరెంటు తీగల జోలికి పోకండి. తీగకు జింక కన్నా ముందు పక్క చేను రైతే తగలొచ్చు. పంట పోతే ఫొటోలు తీయించి, పరిహారం కోసం వెంటనే అటవీ రేంజి కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. రశీదు అడిగి తీసుకోండి.