వేపపుల్ల – చిగుళ్ళ ఆరోగ్యం

మహబూబ్‌నగర్ నుండి రాయచూరుకు సాగే మార్గంలో, నేటి నారాయణపేట జిల్లాలో మక్తల్ పట్టణం ఉన్నది. ఆ పరిసర గ్రామాలలో తరతరాలుగా దంతధావనానికి వేపపుల్లను వాడేవారు. ప్రజల వాడుకలో అది ‘యాపపుల్ల’. పుల్ల చివరను నమిలి కుంచెగా చేసి పళ్ళు తోముకొనుట పెద్దలు నేర్పిన అలవాటు. ఈ ఆచారంలోని శాస్త్రీయత ఎంత? దాని పరిమితి ఎంత?

ముందుగా వ్యాధి స్వరూపాన్ని తెలుసుకొందాం. భుజించిన ఆహారపు అవశేషాలను ఆశ్రయించి సూక్ష్మజీవులు పంటి మొదళ్ళలో పలుచని పొరగా పేరుకొంటాయి. ఇదే పాచి. సూక్ష్మజీవులు విడుదల చేసే విషపదార్థాలను ఎదుర్కొనుటకు శరీరం ఆ చోటికి అధికంగా రక్తాన్ని, తెల్లరక్తకణాలను పంపుతుంది. ఫలితంగా చిగుళ్ళు ఎర్రబడి, ఉబ్బి, తాకినంతనే రక్తం స్రవిస్తాయి. రక్తానికి జంకి కొందరు ఆ భాగాన్ని తోముట మానుకొంటారు. అందువల్ల పాచి మరింత పెరిగి వ్యాధి ముదురుతుంది.

వేపలోని రసాయనాలను శాస్త్రజ్ఞులు చిరకాలంగా పరిశోధిస్తున్నారు. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనె నుండి ‘నింబిన్’ అనే చేదు పదార్థాన్ని వేరుచేశారు. ‘నింబిడిన్’ అనే మరొక పదార్థం వాపును తగ్గించునని ఎలుకలపై జరిపిన ప్రయోగాలలో తేలింది. తుమ్మపుల్లలోని టానిన్లు వగరు గుణం కలవి. అవి మాంసకృత్తులతో కలిసి చిగుళ్ళ పైపొరను బిగువు పరుస్తాయి.

వంటింటి పసుపు కూడా ఇట్టిదే. అందలి కుర్కుమిన్‌ను 1815లో వోగెల్, పెల్లెటియర్ అనే శాస్త్రజ్ఞులు వేరుచేశారు. వాపును ప్రేరేపించే రసాయనాల ఉత్పత్తిని ఇది కణాలలోనే అడ్డగిస్తుంది. మింగిన కుర్కుమిన్ రక్తంలోకి స్వల్పంగానే చేరుతుంది. కావున చిగుళ్ళపై నేరుగా పూసే లేపనాలపై పరిశోధనలు సాగాయి. దంతవైద్యుడు పళ్ళను శుభ్రపరచిన పిమ్మట ఇట్టి లేపనాన్ని వాడినప్పుడు రక్తస్రావం తగ్గినట్లు కొన్ని చిన్న అధ్యయనాలు తెలిపాయి. లవంగంలోని యూజినాల్ నొప్పిని అణచుతుంది. వ్యాధి మూలాన్ని తొలగించదు. లవంగ నూనెను పలుచన చేయక పూసినచో చిగుళ్ళు కాలవచ్చును.

ఇక్కడ ఒక సత్యాన్ని మరువరాదు. తొలగించని పాచి లాలాజలంలోని ఖనిజాలతో కలిసి రాతివలె గట్టిపడుతుంది. దీనిని గార అంటారు. ఏ ఆకు రసమూ గారను కరిగించలేదు. వైద్యుడు పరికరాలతో తొలగించవలసిందే. ఉపేక్షించినచో పంటిని పట్టి ఉంచే ఎముక క్షీణించి, పుచ్చు లేని పన్ను సైతం కదలి ఊడిపోతుంది. మధుమేహం ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. చిగుళ్ళ వ్యాధి వల్ల వారి రక్తంలో చక్కెరను అదుపు చేయుట కూడా కష్టమవుతుంది.

వేపపుల్ల వాడేవారు లేత పుల్లను మెత్తగా నమిలి, చిగుళ్ళు గాయపడకుండా, లోపలి వైపు పళ్ళను కూడా తోముకోవాలి. బూడిద, ఇటుకపొడి, ఉప్పురాళ్ళతో గట్టిగా రుద్దినచో పంటిపై గల పింగాణీ పొర అరుగుతుంది. పొగాకు చిగుళ్ళకు పరమశత్రువు.

పెద్దల అనుభవం మనకు మార్గం చూపింది. శాస్త్రం దాని హద్దును తెలిపింది. చిగుళ్ళ నుండి పదేపదే రక్తం కారుట ఒక హెచ్చరిక. ఆ హెచ్చరికను విన్నవారు చేతిలో వేపపుల్ల ఉన్నను, వైద్యుని వద్దకు వెళ్ళుటకు వెనుకాడరాదు.