మిద్దె మీద కరెంటు

తిరుత్తణి ప్రాంతంలోని పొదటూరుపేట, పళ్ళిపట్టు వీధుల్లో నడిచేవారికి మరమగ్గాల చప్పుడు కొత్త కాదు. ఆ చప్పుడు ఒక్కసారిగా ఆగిందంటే కరెంటు పోయిందని అర్థం. 2012లో తమిళనాడులోని పల్లెల్లో, చిన్న పట్టణాల్లో చాలాచోట్ల రోజుకు పది గంటలకు పైగా కరెంటు ఉండేది కాదు. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. మీ ఇంట్లో పెద్దలను అడగండి. ఆ రోజులు వారికి గుర్తుంటాయి.

ఇంతకూ ఈ కరెంటు ఎక్కడ పుడుతుంది? పళ్ళిపట్టు మీదుగా పారే కుశస్థలి నది, పూండి జలాశయం దాటి, ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నది చివరన, మన తిరువళ్ళూరు జిల్లాలోనే, అత్తిపట్టులో ఉత్తర చెన్నై థర్మల్ విద్యుత్కేంద్రం ఉంది. 1994లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. మొదట 210 మెగావాట్ల యూనిట్లు మూడు, తరువాత 600 మెగావాట్లవి రెండు ఏర్పడ్డాయి. ఒడిశా గనుల బొగ్గు ఓడల్లో వస్తుంది. బొగ్గును మండించి నీటిని ఆవిరి చేస్తారు. ఆవిరి టర్బైనును తిప్పుతుంది, టర్బైను జనరేటరును తిప్పుతుంది. బొగ్గులోని వేడిలో ఇంచుమించు మూడోవంతే కరెంటుగా మారుతుంది. మిగిలిన వేడి గాలిలోకీ నీటిలోకీ పోతుంది. బూడిద మాత్రం ఎక్కడికీ పోదు. బూడిద నీళ్ళు గొట్టాల నుండి కారి ఎన్నూరు సముద్రపు పాయలో మేటవేశాయి. అక్కడ చేపలు, రొయ్యలు పట్టి బ్రతికేవారు ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్నారు. మన మగ్గం ఆడడానికి వారి వల ఖాళీ కావలసి వచ్చిందన్నమాట!

అత్తిపట్టు కరెంటే నేరుగా మన ఊరికి వస్తుందనుకోకండి. అన్ని కేంద్రాల విద్యుత్తూ గ్రిడ్డు అనే తీగల వలలో కలుస్తుంది. పలు వాగుల నీరు చేరిన చెరువు నుండి తూము ద్వారా పొలానికి నీరు పారినట్లే ఇదీను. దారిలో తీగలు వేడెక్కి కొంత నష్టమవుతుంది. ఇంత పెద్ద ఏర్పాటు కూలితే నష్టమూ పెద్దదే. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతాల్లో గ్రిడ్లు కుప్పకూలాయి. దాదాపు 60 కోట్లమంది నివసించే ప్రాంతానికి కరెంటు లేకపోయింది.

చెరువు ఉన్నా పెరట్లో బావి తవ్వుకుంటాం కదా! అలాగే వాడేచోటనే కరెంటు తయారుచేసుకునే పద్ధతి ఇప్పుడు పెరుగుతున్నది. దీనిని వికేంద్రీకృత విద్యుదుత్పత్తి అంటారు. ఒక కిలోవాటు సౌరఫలకాలకు మిద్దె మీద సుమారు 100 చదరపుటడుగుల చోటు చాలు. మన ఎండకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. మిగిలిన కరెంటు గ్రిడ్డుకు పోతుంది. మీటరు రాకనూ పోకనూ రెంటినీ లెక్కకడుతుంది. కోటి ఇళ్ళ మీద ఇలాంటి ఫలకాలు పెట్టించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో ఒక పథకం ప్రారంభించింది. మూడు కిలోవాట్ల ఏర్పాటుకు 78,000 రూపాయల రాయితీ ప్రకటించింది.

అయితే ఒక మాట. లైను కరెంటు పోతే, బ్యాటరీ లేని ఇంట్లో ఫలకాల కరెంటు కూడా ఆగిపోతుంది. చాలామంది ఇది యంత్రంలోని లోపమనుకుంటారు. కాదు. మిద్దె మీది కరెంటు తీగల్లోకి వెళితే స్తంభమెక్కి పనిచేసే లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. అందుకే ఇన్వర్టరు తనంతట తానే ఆగుతుంది. బ్యాటరీ పెట్టుకోవచ్చు గాని ఖర్చు ఎక్కువ. పైగా అద్దె ఇంట్లో మగ్గం ఆడించేవారికి సొంత మిద్దె ఎక్కడిది? పొద్దుగూకాక దీపాలకు మళ్ళీ గ్రిడ్డే దిక్కు.

మీ ఇంటి కరెంటు లెక్క ఒకసారి తీసి చూడండి. రెండు నెలలకు 240 యూనిట్లు వాడితే రోజుకు నాలుగు యూనిట్లు. ఒక కిలోవాటు ఫలకాలు ఇచ్చేదీ అంతే.